కొత్త గురువు కాన్సర్టోలు ఆపేయమన్నారు, అదే వారం ఎల్గార్ చెల్లో కాన్సర్టో వాయించమని పిలుపొచ్చింది. ఏం చేయాలి?

సి_తీగ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవమని కోరుతున్నాను.

నాకు 19 ఏళ్ళు. ఏడో ఏట పావు సైజు చెల్లోతో మొదలుపెట్టాను, ఇప్పుడు కన్సర్వేటరీలో (సంగీత కళాశాలలో) రెండో సంవత్సరం. చిన్నప్పటి గురువుగారి దగ్గర పదకొండేళ్ళు నేర్చుకున్నాను. నేనంటే ఆయనకి ప్రాణం. ఒక పీస్ చేతికి రాగానే ఇంకా పెద్దది ఇచ్చేవారు. 12 ఏళ్ళకి సాన్-సాన్స్ ఎ మైనర్, 14కి హైడ్న్ సి మేజర్, 16కి ఎల్గార్ మొదటి రెండు భాగాలు. అన్నీ కాన్సర్టోలే, అంటే ఆర్కెస్ట్రా తోడుగా చెల్లో ముందుండి వాయించేవి. పోటీల్లో బహుమతులు కూడా వచ్చాయి. ఈ వాయిద్యం మీద నాకు ఇంత పిచ్చి పట్టిందంటే అది ఆయన చలవే. ఆ మాట ముందే చెప్పాలి.

ఈ టర్మ్ కొత్త మేడమ్ దగ్గరికి మారాను. మొదటి క్లాసుకి హైడ్న్ తీసుకెళ్ళాను. ఒక పేజీ విన్నారు, పుస్తకం మూసేశారు. "ఖాళీ సి తీగ. ఒక్క బో. మెట్రోనోమ్ 60 మీద పదహారు లెక్కలు" అన్నారు. అంటే ఎడమ చేతి వేళ్ళు పెట్టకుండా, కమానుని ఒకే ఒక్కసారి లాగుతూ, సెకనుకో లెక్క చొప్పున పదహారు. ఇదేమంత పని అనుకున్నాను. తొమ్మిదో లెక్కకి శబ్దం వణికింది. పదకొండుకి విరిగింది. పదమూడుకి బో అయిపోయింది. మళ్ళీ అన్నారు. ఈసారి తన అరచేయి నా కుడి మోచేతి కింద పెట్టి, "బరువంతా నా చేతిలో వదిలెయ్" అన్నారు. వదల్లేకపోయాను. నిజంగా చేతకాలేదు. చేయి గాల్లో బిగుసుకుపోయి ఉంది, దాన్ని ఇన్నాళ్ళూ నేనే పైకెత్తి మోస్తున్నానని అప్పటిదాకా తెలియదు.

నలభై నిమిషాలు ఆ ఒక్క తీగే. చివర్లో ఒకసారి, మూడు సెకన్లేమో, తీగ అడుగునుంచి ఒక శబ్దం లేచింది. ఛాతీకి ఆనుకున్న చెక్క అదిరింది. నా చెల్లోలో అలాంటి శబ్దం ఉందని పన్నెండేళ్ళలో నాకెప్పుడూ తెలియలేదు. ఇంటికెళ్ళి ఏడ్చాను. ఎందుకో మీకు అర్థమవుతుందనుకుంటాను.

ఇక ఇప్పుడు నా సాధన ఇది: రోజూ ముప్పావు గంట ఖాళీ తీగలు, తర్వాత నెమ్మదిగా స్కేల్స్, పాపర్ 40 ఎచూడ్లలో (సాధన కోసం రాసిన పీస్‌లు) ఒకటి, బాఖ్ ఐదో సూట్‌లో సారబాండ్ (నెమ్మదిగా సాగే నాట్య భాగం). అంతే. కాన్సర్టో అన్న మాటే ఎత్తొద్దన్నారు.

సరిగ్గా అదే వారం ఒక యువ ఆర్కెస్ట్రా కండక్టర్ దగ్గర్నుంచి ఫోను. రెండేళ్ళ కింద ఒక పోటీలో నన్ను విన్నారట. వాళ్ళ సోలోయిస్టు తప్పుకున్నారు, ఎల్గార్ మొత్తం నాలుగు భాగాలూ వాయిస్తావా అని అడిగారు. నాలుగు నెలల టైముంది. ఆర్కెస్ట్రాతో పూర్తి కాన్సర్టో నేనింతవరకు వాయించలేదు. మేడమ్‌ని అడిగితే "నిర్ణయం నీది. కానీ ఈ టర్మ్ నా గదిలో ఎల్గార్ తియ్యకు" అన్నారు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నారు.

ఇంకో సంగతి, ఇది ఇంట్లో కూడా చెప్పలేదు. గంట దాటి వాయిస్తే ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి వస్తోంది. ఆరు నెలలుగా.

ఒప్పుకోనా? వద్దంటే మళ్ళీ పిలుస్తారా? వారంలో జవాబివ్వాలి.

ఎండ్‌పిన్

ఒప్పుకోండి, రెండో ఆలోచన వద్దు. పిలుపు తలుపు తట్టినప్పుడే తియ్యాలి. చెల్లిస్టు జాక్విలిన్ డ్యూ ప్రే 1962లో ఎల్గార్ వాయించేసరికి ఆమెకి 17 ఏళ్ళు. 1965లో రికార్డు చేసేసరికి 20. ఇవాళ్టికీ ఆ కాన్సర్టో అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఆ రికార్డే. మొదటి రెండు భాగాలు మీకు వచ్చు కదా, మిగతా రెండిటికి నాలుగు నెలలు చాలు. ఖాళీ తీగలు ఎక్కడికీ పోవు, కచేరీ అయ్యాక వాయించుకోవచ్చు.

మంద్రం

చెల్లీ, ముందు ఆ వేలి సంగతి. ఆరు నెలల నొప్పి అలసట కాదు. సంగీతకారుల చేతులు చూసే డాక్టరు ఉంటే అక్కడికి, లేకపోతే చేతుల డాక్టరు దగ్గరికి ఈ వారమే వెళ్ళు. మేడమ్‌కి కూడా చెప్పు. ఆవిడకి తెలియకుండా ఆవిడ నీ చేయి ఎలా సరిచేస్తారు? నేను దాచి చెడగొట్టుకున్నదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముప్పై ఏళ్ళుగా వాయిస్తున్నాను, పదిహేనేళ్ళుగా నేర్పుతున్నాను. నా కథ చెబుతాను, నీకు ఎక్కడైనా పనికొస్తుందేమో చూడు.

నాకు 20 ఏళ్ళప్పుడు ఇలాగే పిలుపొచ్చింది. హైడ్న్ సి మేజర్. 1961లో ప్రాగ్‌లో బయటపడేదాకా రెండు వందల ఏళ్ళు ఎవరికీ దొరకని కాన్సర్టో అది. నాకైతే చిన్నప్పటి నుంచీ చేతిలో ఉన్న పీస్. హాయిగా ఒప్పుకున్నాను. మొదటి రిహార్సల్లో తుత్తి (ముందు ఆర్కెస్ట్రా వాయించే భాగం) అయిపోయి నా సోలో మొదలైంది. నా శబ్దం నాకు వినపడలేదు. గదిలో వాయిస్తే గోడలు తిరిగి ఇచ్చే శబ్దం ఆ పెద్ద హాల్లో ముందుకి వెళ్ళిపోయింది, నా చెవికి మిగల్లేదు. అది మామూలే, కానీ నాకు ఎవరూ చెప్పలేదు. భయపడి నొక్కాను. నొక్కినకొద్దీ తీగ ఆడటం మానేసింది. శబ్దం చచ్చినకొద్దీ ఇంకా నొక్కాను. కుడి చేయి బిగిస్తే ఎడమ చేయి ఊరుకోదు, అదీ చెల్లో మెడని పట్టేసింది. మూడో భాగం ఎంత వేగమో నీకు తెలుసు. అక్కడ రెండుచోట్ల వేళ్ళు నిలబడిపోయాయి. కచేరీ రోజున జనం చప్పట్లు కొట్టారు, లేచి కూడా నిలబడ్డారు. ఇంటికొచ్చి రికార్డింగ్ వింటే ప్రతి పొడుగు స్వరం చివరా ఒక నొక్కుడు, గొంతు పట్టుకున్నట్టు. ఆ కచేరీ తర్వాత ఎడమ చేతికి ఏడు నెలలు విశ్రాంతి ఇవ్వాల్సి వచ్చింది.

నీ వేలి నొప్పి ఎడమ చేతిలో ఉన్నా దాని వేరు కుడి భుజంలో ఉందని నా అనుమానం. చూడకుండా ఖాయంగా చెప్పను. కానీ మీ మేడమ్ మోచేతి కింద అరచేయి పెట్టారంటే, ఆవిడ అప్పటికే ఏదో చూశారు.

చెల్లోకి ఒక కష్టం ఉంది. వయొలిన్ శబ్దం ఆర్కెస్ట్రా పైనుంచి ఎగిరి వెళ్ళగలదు. మనది నడుమ స్థాయి. వయోలాలు, బసూన్లు, హార్న్లు అందరూ మన గదిలోనే కూర్చుని ఉంటారు. వాళ్ళ మధ్యలోంచి మన మాట వినపడాలంటే బలం పనికిరాదు. బో ఎంత వేగంగా కదులుతోంది, చేతి బరువు ఎంత దిగుతోంది, బ్రిడ్జికి (తీగల్ని ఎత్తి పట్టే చెక్కకి) ఎంత దగ్గర్లో ఉంది, ఈ మూడూ కుదిరినప్పుడే తీగ పూర్తిగా ఆడుతుంది. అప్పుడు సన్నగా వాయించినా చివరి వరుసకి చేరుతుంది. ఖాళీ తీగ మీద పదహారు లెక్కలు నేర్పేది అదే. ఎడమ చేయి లేదు, వైబ్రాటో (వేలు ఊపి స్వరాన్ని కదిలించడం) లేదు, తప్పు ఎక్కడ జరిగిందో దాచడానికి చోటే లేదు.

ఐదో సూట్ సారబాండ్ ఎందుకిచ్చారో కూడా ఆలోచించు. మిగతా ఐదు సారబాండ్లలోనూ రెండు మూడు తీగలు కలిపి మోగించే చోట్లున్నాయి. దీన్లో ఒక్కటి కూడా లేదు. మొదటి స్వరం నుంచి చివరిదాకా ఒంటి గీత. ప్రతి స్వరం పుట్టాలి, నడవాలి, పక్క స్వరానికి చెయ్యి అందించాలి. ఆ పని చేయాల్సింది బో ఒక్కటే.

ఎండ్‌పిన్ గారూ, డ్యూ ప్రే మాట నిజమే, కానీ మిగతాది కూడా చెప్పుకోవాలి. 1961లో విగ్మోర్ హాల్లో మొదటి కచేరీ అయ్యింది, మరుసటి ఏడు ఎల్గార్ అయ్యింది, పేరొచ్చింది. ఆ తర్వాత ఆమె పారిస్ వెళ్ళి తోర్తెలియే దగ్గర నేర్చుకుంది. లోకమంతా తెలిసిపోయాక, 1966లో మళ్ళీ విద్యార్థిగా మాస్కోలో రోస్ట్రోపోవిచ్ ముందు కూర్చుంది. చెల్లో దిగ్గజం కసాల్స్‌కి బాఖ్ సూట్ల పుస్తకం పాత దుకాణంలో దొరికినప్పుడు 13 ఏళ్ళు. రోజూ సాధన చేస్తూ కూడా, ఒక సూట్ జనం ముందు వాయించడానికి ఆయన పన్నెండేళ్ళు ఆగాడు. మొత్తం ఆరూ రికార్డు చేసింది 1936 నుంచి 1939 మధ్యలో, అవి పూర్తయ్యేసరికి అరవై దాటాయి.

అలాగని పిలుపుని కాదనమని నేను అనను. ఎల్గార్‌ని మాత్రం వద్దని చెప్పు. అరగంట కాన్సర్టో అది. రెండో భాగంలో ఆ చిన్న చిన్న స్వరాల పరుగుకి బో వదులుగా ఎగరాలి, బిగిసిన చేత్తో అక్కడికక్కడే నొప్పి తేలుతుంది. కండక్టర్‌కి ఇలా రాయి: నా బో చేతిని మొదట్నుంచి సరిదిద్దుకుంటున్నాను, ఈ సీజన్లో ఎల్గార్‌కి న్యాయం చేయలేను, బదులుగా ఫోరే ఎలెజీ వాయించే అవకాశం ఇస్తారా అని. ఏడు నిమిషాల శోకగీతం. మొదట చెల్లో, పియానోల కోసం రాసినా ఫోరేనే దాన్ని ఆర్కెస్ట్రాకి కూడా మార్చాడు, 1901లో కసాల్స్ వాయిస్తే ఆయనే కండక్ట్ చేశాడు. మొదటి వాక్యం గట్టిగా, వెంటనే అదే వాక్యం చాలా మెల్లగా. రెండింట్లోనూ శబ్దానికి ఒకే లోతు ఉండాలి. మీ మేడమ్ చేయిస్తున్న పని అచ్చంగా ఇదే, కాబట్టి ఆవిడ తన గదిలోకి దీన్ని రానివ్వచ్చు.

ఒక చిన్న సలహా. ముప్పావు గంట ఖాళీ తీగలు ఏకబిగిన వద్దు. పావుగంట చొప్పున మూడుసార్లు, మధ్యలో చెల్లో పక్కన పెట్టి లేచి నడువు. పదహారు లెక్కల మీద మొండిపట్టు పట్టకు, ఎనిమిదితో మొదలుపెట్టు. సి తీగ లావు, లేవడానికి దానికి కాస్త టైము కావాలి. బో కదిపే ముందే వెంట్రుకలు తీగని పట్టుకున్నాయో లేదో వేలికి తెలియాలి, అప్పుడు కదుపు.

సి_తీగ

అక్కా, మీ జవాబు మూడుసార్లు చదివాను. డాక్టర్ అపాయింట్‌మెంట్ గురువారానికి దొరికింది. ఇవాళ పొద్దున మేడమ్‌కి వేలి గురించి చెప్పాను. తిట్టలేదు. నా ఎడమ చేయి పట్టుకుని బొటనవేలు మెడ మీదనుంచి తీసేసి, మిగతా నాలుగు వేళ్ళతో మాత్రమే ఒక స్కేల్ వాయించమన్నారు. వాయించగలిగాను! బొటనవేలు అవసరమే లేకుండా. ఇన్నేళ్ళూ దాంతో ఏం పిండుతున్నానో తెలియదు.

ఎలెజీ ఒకసారి ఇంట్లో సరదాగా వాయించాను తప్ప నేర్చుకోలేదు. ఒక్క భయం మాత్రం ఉంది. "న్యాయం చేయలేను" అని రాస్తే చేతకాదనుకుని ఇంక పిలవరేమో?

పియానో_బల్ల

నేను పియానిస్టుని, ఇరవై ఏళ్ళుగా చెల్లో విద్యార్థులకి తోడు వాయిస్తున్నాను. మీ భయం గురించి: తయారుగా లేనివాళ్ళు ఒప్పుకుని రిహార్సల్లో కూలబడితేనే కండక్టర్లు మర్చిపోరు. ముందే నిజం చెప్పి, బదులుగా ఇంకో పీస్ చూపించినవాళ్ళని గౌరవిస్తారు. సోలోయిస్టుకి ఆర్కెస్ట్రాతో దొరికేది సాధారణంగా ఒకటో రెండో రిహార్సల్స్. ఎల్గార్ కాన్సర్టో మొదటి ప్రదర్శనే చూడండి. 1919 అక్టోబర్‌లో, లండన్‌లో. సోలోయిస్టు ఫెలిక్స్ సాల్మండ్, కండక్టర్ స్వయంగా ఎల్గార్. మిగతా కార్యక్రమానికి వేరే కండక్టర్, ఆయన రిహార్సల్ టైము చాలా తీసేసుకున్నాడు. కాన్సర్టోకి మిగిలింది కొంచెం. ప్రదర్శన తేలిపోయింది. రాసినవాడే ఎదురుగా నిలబడ్డా సరిపోని రిహార్సల్‌ని ఎవరూ పూడ్చలేకపోయారు.

ఇక ఎలెజీ. ఇది నాకు చాలా ఇష్టమైన పీస్, కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. మొదట్లో పియానో కొట్టేది సి మైనర్‌లో ఒకే తీరు కార్డులు, బరువైన అడుగుల్లా. చెల్లో వాళ్ళు ఎక్కువమంది ఆ అడుగుల్ని వినరు, తమ దుఃఖంలో తాము ముందుకి జారిపోతారు. మీరు అడుగు మీద నిలబడండి, దుఃఖం దానంతట అదే వస్తుంది. నడిమి భాగంలో కొత్త రాగం మొదలుపెట్టేది మీరు కాదు. పియానోతో అయితే నేను, ఆర్కెస్ట్రాలో అయితే క్లారినెట్. ఆ వాక్యాలు మీరు నిజంగా వినాలి, ఎందుకంటే తర్వాత దాన్ని అందుకోవాల్సింది మీరే, క్లారినెట్ ఊపిరి ఎక్కడ తీసుకుంటే మీ బో అక్కడ ఊపిరి తీసుకోవాలి. ఆ తర్వాత సన్న స్వరాల పరుగు వస్తుంది, దాని కొసన మొదటి రాగం పూర్తి బలంతో తిరిగొస్తుంది. పరుగులోనే సత్తువంతా ఖర్చు పెట్టేసినవాళ్ళకి అక్కడ ఏమీ మిగలదు.

పూర్తి స్కోరు సంపాదించి చదవండి. మీ గీత ఒక్కటే ఉన్న కాగితంతో రిహార్సల్‌కి వెళ్ళొద్దు.

వెనక_డెస్కు

ఆర్కెస్ట్రా చెల్లో సెక్షన్‌లో, మిగతా చెల్లోలతో కలిసి వాయిస్తాను. ఇక్కడ అందరూ సోలో గురించే మాట్లాడుతున్నారు కాబట్టి రెండు మాటలు.

మన ఆడిషన్లు చాలాచోట్ల తెర వెనక జరుగుతాయి. మీకెన్ని బహుమతులొచ్చాయో తెరకి అవతలివాళ్ళకి తెలియదు. హైడ్న్ డి మేజర్ మొదటి పేజీలు అడుగుతారు. బీతోవెన్ ఐదో సింఫనీ రెండో భాగం మొదలు అడుగుతారు, అది వయోలాలూ చెల్లోలూ కలిసి పాడే రాగం. బ్రామ్స్ రెండో సింఫనీలో రెండో భాగం మొదలూ అడుగుతారు, అది చెల్లోల రాగం. వేగం చూపించే చోట్లు కూడా ఉంటాయి గానీ నేను చూసినంతలో ఎక్కువమంది పోయేది ఈ నెమ్మది రాగాల దగ్గరే. పొడుగు బోలో శబ్దం విరుగుతుంది. మీ పదకొండో లెక్క లాగే.

ఇంకొకటి. 1919లో ఎల్గార్ మొదటి ప్రదర్శన గురించి పైన రాశారు కదా. ఆ రోజు ఆ ఆర్కెస్ట్రా చెల్లో సెక్షన్‌లో ఒక కుర్రాడు కూర్చున్నాడు, పేరు జాన్ బార్బిరోలి. వయసు 19. తర్వాత ఆ కాన్సర్టోని తనే సోలోగా వాయించాడు, ఆ తర్వాత కండక్టర్ అయ్యాడు. ఎండ్‌పిన్ గారు చెప్పిన 1965 రికార్డులో డ్యూ ప్రే పక్కన నిలబడి కండక్ట్ చేసింది ఆయనే. కూలిపోయిన ఆ మొదటి ప్రదర్శనని ఆయన లోపల కూర్చుని విన్నాడు.

కుదిరితే ఆ కచేరీ రెండో సగంలో సెక్షన్‌లో కూర్చుంటానని కూడా అడగండి. మీ ముందు డెస్కు (ఒకే స్టాండ్ పంచుకునే ఇద్దరు) వాళ్ళు బో ఎంత వాడుతున్నారో చూస్తూ వాయించడం ఏ క్లాసులోనూ దొరకదు.

ఎండ్‌పిన్

మంద్రం గారూ, నొప్పి సంగతి నేను సరిగ్గా పట్టించుకోలేదు. అది ఉందంటే నా జవాబు మారుతుంది. ఎల్గార్ వద్దు.

స్టేజి గురించి ఒక్కటి చెబుతాను, సొంత అనుభవం. సోలోయిస్టుకి చెక్క వేదిక వేస్తారేమో ముందే కనుక్కోండి. లోపల బోలుగా ఉన్న వేదిక అయితే ఎండ్‌పిన్ (చెల్లో అడుగున నేలకి ఆనే ఊచ) గుండా కింది స్వరాలు దానిలోకి దిగి బాగా మోగుతాయి. నేల నున్నగా ఉంటే పిన్ జారుతుంది. నాకు ఒకసారి నెమ్మది భాగం మధ్యలో జారి చెల్లో ఒళ్ళో పడినంత పనైంది. కుర్చీ కాలికి తగిలించే పట్టీ ఎప్పుడూ పెట్టెలో ఉంచుకోండి.

సి_తీగ

ఆలస్యానికి క్షమించండి, పన్నెండు రోజులైంది.

డాక్టర్ చూశారు. బొటనవేలి మొదట్లో స్నాయువు వాచింది, ఇప్పుడే వచ్చారు కాబట్టి తగ్గుతుందన్నారు. మూడు వారాలు ఎడమ చేత్తో వాయించొద్దన్నారు. "మరి కుడి చేత్తో?" అంటే నవ్వి, దానికి అడ్డు లేదన్నారు. కాబట్టి ఇప్పుడు నేను వాయించేవి ఖాళీ తీగలు మాత్రమే. సారబాండ్‌ని వాయించకుండా పాడుకుంటున్నాను, గాల్లో బో కదుపుతూ.

కండక్టర్‌కి మీరు చెప్పినట్టే రాశాను. రెండు రోజులు జవాబు రాలేదు, ఆ రెండు రోజులూ నిద్ర లేదు. మూడో రోజు ఆయనే ఫోన్ చేశారు. ఎలెజీ సరే అన్నారు. ఎల్గార్‌కి ఇంకొకరిని చూసుకోవట్లేదట, కార్యక్రమమే మార్చి రెండో సగంలో బ్రామ్స్ రెండో సింఫనీ పెడుతున్నారు. వెనక_డెస్కు గారూ, సెక్షన్ సంగతి అడిగాను. నాలుగో డెస్కులో చోటు ఇచ్చారు! చెల్లో పార్ట్ నిన్న వచ్చింది, రెండో భాగం పేజీ స్టాండ్ మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

మేడమ్‌కి ఎలెజీ అని చెప్పగానే లేచి బీరువాలోంచి తన పాత ప్రతి తీసిచ్చారు. దాన్నిండా పెన్సిల్ గుర్తులు. మొదటి వాక్యం మీద ఏ గుర్తూ లేదు, అదే వాక్యం మెల్లగా వచ్చే రెండోసారి దగ్గర మాత్రం కాగితం చిరిగేంతగా చెరిపి మళ్ళీ మళ్ళీ రాసిన బో గుర్తులు.

నిన్న సి తీగ మీద పద్నాలుగు దాకా విరగకుండా వచ్చింది.

మంద్రం

చాలా సంతోషం, తల్లీ. ఆ పద్నాలుగు డౌన్ బోనా (చేతి దగ్గర్నుంచి కొసకి), అప్ బోనా (కొస నుంచి చేతి దగ్గరికి)?

సి_తీగ

డౌన్ బో అక్కా. అప్ బోలో ఇంకా పదే.

మంద్రం

అయితే రేపటినుంచి అప్ బోతో మొదలుపెట్టు. బో కొసన చూపుడు వేలితో నొక్కకు, మోచేయి కాస్త ముందుకి రానివ్వు, బరువు దానంతట అది వస్తుంది. వారం తర్వాత ఎంతవరకు వచ్చిందో ఇక్కడే రాయి.